కంపెనీ ఇప్పించిన గది

కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె పని. పెళ్లి చేసుకోలేదు. తల్లి పోయేనాటికి తమ్ముడు ఇంకా చంకబిడ్డ. వాణ్ణి పెంచి పెద్ద చేసేసరికి ఆమె వయసు కాస్తా గడిచిపోయింది. దుకాణానికి వచ్చేవాళ్లంతా అక్కయ్యా అని పిలిచి పిలిచి, చివరికి వీధి మొత్తానికీ ఆమె అక్కయ్యే అయింది.

తమ్ముడు సరుకుల ఓడలో మెకానిక్కు. ఆ ఓడ తుఫానులో చిక్కుకుని జాడ లేకుండా పోయిందని టీవీలో చెప్పిన మర్నాడు కంపెనీ నుంచి ఫోను వచ్చింది. రేవుకి రమ్మన్నారు, బస తామే చూసుకుంటామన్నారు. బస అంటే ఏ సత్రంలోనో చాప పరుస్తారనుకుంది అక్కయ్య. కారు తీసుకెళ్లి ఓ పెద్ద భవంతి ముందు దింపింది. ఒకప్పుడు దూది వ్యాపారులు కట్టుకున్నదట. పాడుబడితే పగుళ్లు పూడ్చి, పాత రంగులే మళ్లీ వేసి హోటలు చేశారు. పాలరాతి మెట్లు, ఇత్తడి జాలీ తలుపుల లిఫ్టు, పైకప్పు నిండా సున్నంతో మలిచిన పూలతీగలు. ఆమె చేతిసంచిని ఎవరో అందుకోబోతే గట్టిగా పట్టుకుంది.

"విహారానికి వచ్చారా మేడమ్, పని మీదా?" అనడిగింది కౌంటరు దగ్గరి అమ్మాయి నవ్వుతూ.

"మా తమ్ముడి కోసం వచ్చానమ్మా."

పక్కనున్నతను ఆ అమ్మాయిని మోచేత్తో పొడిచాడు. ఆ పిల్ల ముఖంలో నెత్తురు చుక్క లేదు.

గదిలో మంచం అంచున మరదలు అప్పటికే కూర్చుని ఉంది. ఒకే కుటుంబం కదా అని కంపెనీ ఇద్దరికీ ఒకే గది ఇప్పించింది. తమ్ముడు వేరు కాపురం పెట్టిన రోజు నుంచీ ఆ ఇద్దరికీ మాటల్లేవు. ఎదురుపడితే ఎడమొహం పెడమొహం. ఆ పూటా అంతే. "వచ్చారా" అంది మరదలు. "ఆఁ" అంది అక్కయ్య. దిండు మీద పెట్టిన కార్డులో 'మీ బస ఆనందంగా గడవాలి' అని రాసి ఉంది. మరదలు దాన్ని బోర్లించింది.

కింద హాల్లో పత్రికలవాళ్లు కాచుక్కూర్చున్నారు. అందుకని ఓడవాళ్ల బంధువులందరికీ పై అంతస్తులోని క్లబ్ లౌంజ్‌కి వెళ్లే కార్డులు ఇచ్చారు. మెత్తటి సోఫాలు, కిటికీల్లోంచి రేవు, ఎప్పుడంటే అప్పుడు టీ, వేలెడంత కేకులు, సాయంత్రమైతే మందు కూడా. అటువైపు బల్లల దగ్గర కోటువాళ్లు వ్యాపారాలు మాట్లాడుకుని పకపకా నవ్వేవాళ్లు. ఇటువైపు వీళ్లు కళ్లల్లో వత్తులు వేసుకుని కంపెనీ ఆఫీసరు కోసం ఎదురుచూసేవాళ్లు. ఆయన వచ్చి, "వెతుకుతూనే ఉన్నాం" అని చెప్పి వెళ్లిపోయేవాడు.

వాళ్లలో ఒక ముసలి మంగలి ఉండేవాడు. ఓడలో వంటచేసే కుర్రాడు ఆయన కొడుకు. "ఇన్ని రకాల చెంచాలేంటమ్మా! దేనికేదో తెలీక టీలో చక్కెరే మానేశాను" అని ఆయన అంటే అందరూ కాస్త నవ్వారు. నవ్వినందుకు వెంటనే తలలు దించుకున్నారు.

అక్కయ్యను లోపల తొలిచేస్తున్నది వేరే. ఏళ్ల తరబడి బల్ల మీద వంగి పనిచేసిన నడుం ఆమెది. ఆ పరుపు మీద ఒళ్లు తెలియని నిద్ర పట్టేసింది. తెల్లారి మెలకువ రాగానే, వాడు నీళ్లల్లో ఉంటే నాకు నిద్రెలా పట్టిందని కుమిలిపోయింది. ఆ ఉక్రోషమంతా లౌంజ్‌లో మరదలి మీద కక్కేసింది.

"కేకులు బాగానే దిగుతున్నాయే గొంతులో!"

"మీకు నిద్ర పట్టినట్టే నాకూ ఆకలేస్తుంది వదినా."

అక్కయ్య ఉలిక్కిపడింది. "ఊళ్లో గ్యారేజీ పని ఉండగా వాణ్ణి ఓడెక్కించింది నువ్వు కాదూ?"

మరదలు పళ్లెం పక్కన పెట్టింది. "నేనా? నా మీద మీరు, మీ మీద నేను చెప్పే చాడీలు వినలేక ఓడెక్కాడు. ఇంజను మోతే నయం, దానికి జవాబు చెప్పక్కర్లేదు అనేవాడు. పోయినేడు సెలవు దొరికినా ఓడ దిగలేదు. దొరకలేదని మీతో చెప్పమన్నాడు. కబురు పంపించాను."

మంగలి కిటికీ వైపు తిరిగిపోయాడు. లౌంజ్ కుర్రాడు వచ్చి, "ఇంకేమైనా తెమ్మంటారా?" అన్నాడు.

ఆఖరిసారి ఫోను చేసినప్పుడు తమ్ముడితో ఏం మాట్లాడిందో గుర్తు చేసుకుంది అక్కయ్య. తిన్నావా అని కూడా అడగలేదు. మరదలి మీద ఫిర్యాదులే. "సరే అక్కా" అని వాడు పెట్టేశాడు.

ఆ మర్నాడు ఆఫీసరు నిలబడే మాట్లాడాడు. బోల్తాపడ్డ ప్రాణరక్షణ పడవ ఒకటి ఖాళీగా దొరికిందట, గాలింపు ఆపేశారట. కంపెనీ తరఫున తీవ్ర సంతాపం, గదులు మాత్రం రేపు మధ్యాహ్నం దాకా మీవే అన్నాడు.

"మామూలు మాటల్లో చెప్పు బాబూ" అన్నాడు మంగలి.

"ఇక లేరండి."

గది ఖాళీ చేసే వేళకు మరదలు మంచం దిగనంది. "నేను రాను. ఇక్కడున్నంతసేపూ వెతుకుతున్నట్టే ఉంది. ఈ గది దాటితే ఆయన పోయినట్టే."

ఉతికిన దుప్పట్లు చేత పట్టుకుని గదులు శుభ్రం చేసే ఆవిడ గుమ్మంలో నిలబడిపోయింది, లోపలికి రావడానికి మొహం చెల్లక. అక్కయ్య మరదలి బట్టలు మడతపెట్టి సంచిలో సర్దింది. కింద కూర్చుని ఆమె కాళ్లకు చెప్పులు తొడిగింది. మరదలు వద్దనలేదు. తల మాత్రం పక్కకు తిప్పుకుంది.

ఒకే బస్సులో తిరిగొచ్చారు. మరదలు పుట్టింటికి చేరింది.

తర్వాత కొన్నాళ్లు అక్కయ్య సెలవు రోజుల్లో అక్కడికి వెళ్లేది. మరదలు టీ ఇచ్చేది, ఎదురుగా కూర్చునేది. పోట్లాటలు లేవు. పోట్లాడితే తీర్చాల్సినవాడు లేడు. ఆ ఇద్దరికీ కలిపి ఉన్నది వాడి కబుర్లే, అవి ఎత్తడానికి ఇద్దరికీ నోరు రాలేదు. ఎండల గురించి, బస్సుల గురించి రెండు ముక్కలు మాట్లాడి అక్కయ్య లేచి వచ్చేసేది.

ఒక సెలవు రోజు నడుం నొప్పని వెళ్లలేదు. ఆ తర్వాత ఇక వెళ్లనే లేదు. మరదలూ ఎందుకు రాలేదని అడగలేదు.