సమాధి దగ్గర ఆపిన సినిమా

శామీర్‌పేటలో వయసు మళ్లిన మాకు అక్షరాలు నేర్పిన టీచరమ్మ ఏదీ మా బదులు చదివేది కాదు. బస్సు బోర్డైనా మందుచీటీ అయినా వేలు పెట్టి చూపించి, మేము చదివేదాకా గోళ్లు చూసుకుంటూ నిలబడేది.

క్రిస్మస్ ముందు ఒక మధ్యాహ్నం కిటికీలకు దుప్పట్లు కట్టి, పాత తెలుపు నలుపు ఇంగ్లీషు సినిమా వేసింది. మాటలు కింద తెలుగులో వస్తాయి. ఒక పిసినారి ముసలాయనకు దయ్యాలు రాబోయే రోజులు చూపిస్తాయి. అతని గుమాస్తా ఇంట్లో కుంటి పిల్లవాడి కర్ర ఒక్కటే మూలన ఉంది, పిల్లవాడు లేడు. తర్వాత మంచులో ఒక సమాధి, దాని రాతి మీది పేరు కింద తెలుగులో. టీచరమ్మ సినిమా ఆపింది.

"అవ్వా, రాయి మీద ఎవరి పేరుందో నువ్వు సదువు."

ఆ వారం నా మనవడు జ్వరంతో మేడ్చల్ దవాఖానలో ఉన్నాడు. అది పిల్లవాడి పేరేమోనని భయంతో తెర మీంచి కళ్లు తిప్పేసుకున్నాను.

"జల్దీ సదువు అవ్వా. గా ముసలోడు మంచుల సలికి సచ్చేటట్టున్నడు," అంది పక్కనున్న బీబీ. అందరూ నవ్వారు.

టీచరమ్మ నవ్వలేదు. నా పక్కన కూర్చుని చెవిలో చెప్పింది.

"ముసలాయన మనసు మారి, పిలగాడు బతుకుతడవ్వా. ఆఖరికి ఆయన భుజమెక్కుతడు."

 కళ్లు తుడుచుకుని చూస్తే అది ముసలాయన పేరే. గట్టిగా చదివాను.

మూడు రోజులకు మనవడు ఇంటికొచ్చాడు. ఆ కథ వాడికి నేనే చెప్పాను, సమాధి ముక్క వదిలేసి.