మూతల లోపలి రాత

సబ్బక్కకు ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఎందుకు పెట్టారో మాత్రం వీధిలో అందరికీ తెలుసు. ఏసీ బిగించడానికి వెళ్ళినా, వేడిగాలి యంత్రం బాగుచేయడానికి వెళ్ళినా ఆమె నడుముకు ఒక సబ్బునీళ్ళ సీసా వేలాడుతూ ఉంటుంది. గొట్టం అతికిన ప్రతిచోటా కుంచెతో ఆ నీళ్ళు రాసి, కళ్ళు చిట్లించి చూస్తుంది. బుడగ లేచిందంటే లోపల ఉన్నది బయటికి కారుతున్నట్టు. మిగతా మెకానిక్కులు ఒక నిమిషం చూసి వదిలేస్తారు. సబ్బక్క పది నిమిషాలు చూస్తుంది.

ఇరవై మూడేళ్ళుగా ఆమెకు ఇదే పని. దుకాణం అన్నయ్యది. గోడమీద అద్దం కట్టించిన లైసెన్సు అన్నయ్యది. ఆ ఊళ్ళో వేడికైనా చల్లదనానికైనా యంత్రం పెట్టాలంటే ముందు పర్మిట్ తీసుకోవాలి. లైసెన్సు ఉన్నవాళ్ళకే పర్మిట్ ఇస్తారు. పని అయ్యాక ఇన్‌స్పెక్టర్ వచ్చి, గొట్టాల్లో ఒత్తిడి ఇరవై నాలుగు గంటలు తగ్గకుండా నిలిచిందని చూసి సంతకం పెడితేనే స్విచ్చి వెయ్యాలి. ఈ కాగితాలన్నిటిమీదా అన్నయ్య పేరే ఉండేది. నిచ్చెన మీద మాత్రం సబ్బక్క ఉండేది. అన్నయ్య మోకాళ్ళు పదకొండేళ్ళ కిందటే మెట్లకు దణ్ణం పెట్టేశాయి.

ఈ ఏడు కొత్త నియమం వచ్చింది. లైసెన్సు మళ్ళీ రాయించుకోవాలంటే, నిచ్చెన ఎక్కగలడని డాక్టరు దగ్గర కాగితం తేవాలి.

"ఏ డాక్టరు రాస్తాడే అట్లా?" అన్నాడు అన్నయ్య మోకాలికి నూనె రాసుకుంటూ. "కుర్చీ ఎక్కగలనని రాయమంటే రాస్తాడేమో. ఇక నువ్వే నీ పేరుమీద తీసుకో."

ఆమె రాతపరీక్ష రాసింది, గట్టెక్కింది. చిక్కు ఆ తర్వాత వచ్చింది. లైసెన్సుల ఆఫీసులో కిటికీ వెనక కూర్చున్న గుమాస్తా దరఖాస్తు తిరగేసి, ఒక గడి దగ్గర వేలు ఆపాడు.

"ఐదేళ్ళ అనుభవానికి రుజువు?"

"ఇరవై మూడేళ్ళు చేశానండీ."

"ఎక్కడుంది?"

ఆమె చేతులు చూసుకుంది. బొటనవేలి పక్కన కాలిన మచ్చలు రెండున్నాయి. అవి ఆ గడిలో పట్టవు. గుమాస్తా కంప్యూటర్లో వెతికాడు. మూడు వందల పైచిలుకు పర్మిట్లు వచ్చాయి, అన్నీ అన్నయ్యవే. పని చేసిన మనిషి పేరు రాయడానికి ఆ ఫారాల్లో చోటే లేదు.

"ఆఫీసు లెక్కలో మీరు ఇంతవరకు ఒక్క మేకు కూడా కొట్టలేదమ్మా," అన్నాడు అతను. వెటకారంగా అనలేదు, నిజంగానే జాలిపడ్డాడు. "మీ అన్నగారి ఉత్తరం తెస్తానంటారేమో, తోడబుట్టినవాళ్ళ ఉత్తరం చెల్లదు. నెలాఖరుకి పాత లైసెన్సు అయిపోతుంది. అప్పటికి రుజువు రాకపోతే మళ్ళీ ఏడాదికే."

ఏడాదంటే దుకాణం ఏడాది మూసి ఉండాలి. ఇంటికి వచ్చి ఆ మాట చెబితే అన్నయ్య మోకాళ్ళు నిమురుకున్నాడు. తర్వాత నీళ్ళు నమిలాడు.

"ఏ కాగితంమీదనైనా ఒక మూలన నీ పేరు కూడా రాసి ఉంటే పోయేది."

"మీరెందుకు రాస్తారు," అంది వదిన, కంచాలు పెడుతూ. "మీ సంతకానికే రెండు వరసలు కావాలాయె." తర్వాత ఆడబిడ్డ వైపు తిరిగింది. "ఏం అమ్మాయ్, ఆ మూతల్లో రామాయణమంత రాస్తావుగా? అది చూపించరాదూ?"

వదిన నవ్వులాటకే అంది. సబ్బక్క అన్నం ముద్ద చేతిలోనే ఉంచుకుని కూర్చుండిపోయింది.

పనిలో చేరిన మొదటి చలికాలంలో ఆమె ఒక పాత వేడిగాలి యంత్రాన్ని విప్పింది. దాన్ని బిగించిన మనిషి అప్పటికే పోయాడు. ఏ వైరు ఎందుకు అటు తిప్పాడో తెలుసుకోవడానికి రోజంతా పట్టింది. చచ్చినవాణ్ణి అడగలేం కదా అని అన్నయ్య అన్న మాట ఆమెలో దిగిపోయింది. అప్పటినుంచి ఏ యంత్రం మూత బిగించినా, ముందు ఆ మూత లోపలివైపు నల్ల మార్కరుతో తేదీ వేసి, ఏం చేసిందో రాస్తుంది. ఎప్పుడో ఎవడో విప్పుతాడు. వాడికోసం.

మర్నాడు పొద్దున్నే ఆమె ఇన్‌స్పెక్టర్ గది ముందు నిలబడింది. రిటైరు కావడానికి ఆరేళ్ళున్న మనిషి. ఎవరు ఏం చెప్పినా "నియమం ఏమంటోంది?" అని అడగడం అతనికి ఊతపదం. ఆమె చెప్పింది విని, అలవాటుగా ఆ మాటే అని, తనే పుస్తకం తీసి చదివాడు. పత్రాలు లేనప్పుడు అధికారి స్వయంగా చూసిన పది పనులు రుజువు కింద చెల్లుతాయని అందులో ఉంది. ఇంతవరకు ఎవరూ ఆ వాక్యాన్ని వాడుకోలేదు.

"మీ అన్నగారి పర్మిట్లలోంచి ఏ పది అనేది నేను చూసుకుంటాను," అన్నాడు. ఒక తెల్లకాగితం ఇచ్చి ఆమెచేత నాలుగు వరసలు రాయించుకున్నాడు, రాత పోల్చడానికి.

మొదటిది చెప్పుల దుకాణం డాబామీద. ఆమె మరలు విప్పి మూత వెల్లకిలా పెట్టింది. అతను కళ్ళజోడు సర్దుకుని వంగి లోపలి రాత చదివాడు.

"ఎడమవైపు కింది మర గాడి అరిగింది. బలం పెట్టొద్దు, రేకు చిరుగుతుంది."

పద్దెనిమిదేళ్ళ కిందటి తేదీ. అతను కాగితంతో రాత పోల్చి గీత పెట్టాడు. రెండోది పళ్ళ డాక్టరు గదుల వెనక. "ఫ్యాను కొత్తది వేశాను. పాతది మంచిదే, బేరింగు మార్చి అటకమీద పెట్టాను. అవసరమైతే వాడండి." ఇన్‌స్పెక్టర్ అటక ఎక్కి చూపించమన్నాడు. ఫ్యాను ఉంది, పాత పేపరు చుట్టి. బడి కింది గదిలో వేడినీళ్ళ బాయిలరు. దాని మూతలో నాలుగు వేర్వేరు ఏళ్ళ రాతలు, ఒకదాని కింద ఒకటి, చిక్కని అక్షరాలతో. చివరిది: "పై గొట్టం కాలుతుంది. పిల్లలు బంతికోసం ఇటు వస్తారు. గుడ్డ చుట్టాను. విప్పితే మళ్ళీ చుట్టండి."

గుడ్డ అలాగే ఉంది.

ఐదో చోటుకు వచ్చేసరికి ఇన్‌స్పెక్టర్ గీతలు పెట్టడం మరిచిపోయాడు. ఆరో చోట మూత పూర్తిగా ఊడకముందే తల లోపలికి పెట్టాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా అతను ఇవే డాబాలు ఎక్కుతున్నాడు, ఇవే పెట్టెల మీద చెయ్యి ఆనించి సంతకాలు పెట్టాడు. వేలెడు దూరంలో, రేకుకు అవతలివైపు, ఊరంతటికీ ఇంత రాసి ఉందని అతనికి తెలియదు. ఎవరూ ఆమెను రాయమనలేదు. అందుకు ఎవరూ జీతం ఇవ్వలేదు. ఎక్కడా పేరు కూడా లేదు.

"ఎవరైనా చదివారా వీటిని?" అని అడిగాడు తొమ్మిదో చోట.

"తెలీదు సార్. ఒకసారి కింద ఎవరో 'సరే' అని రాశారు."

పదోది గ్రంథాలయం. డాబామీద ఎండ చుర్రుమంటోంది. సబ్బక్క స్క్రూడ్రైవర్ మరమీద పెట్టింది గానీ తిప్పలేదు.

"ఇది కాక ఇంకోటి చూద్దామా సార్?"

"ఎందుకమ్మా?"

"ఊరికే."

"ఊరికే అనే మాటకు ఫారంలో గడి లేదు. విప్పండి."

ఆమె విప్పింది. మూత అతనికి ఇచ్చి, ఊడిన మరల్ని అరచేతిలో లెక్కపెడుతూ పక్కకు తిరిగింది.

అతను చదివాడు. "గొట్టాల్లో నైట్రోజన్ వాయువు నింపి ఒత్తిడి చూసే గేజు పెట్టాం. పద్నాలుగో గంటకు ముల్లు పడింది. రెండో అంతస్తు వంపు దగ్గర అతుకు కారుతోంది. అతికింది నేనే. కోసి మళ్ళీ అతికాను. మళ్ళీ ఇరవై నాలుగు గంటలు ఉంచాను. నిలిచింది."

అతను తన చేతిలోని పర్మిట్ కాగితం చూశాడు. తొమ్మిదేళ్ళ కిందటిది. "ఇరవై నాలుగు గంటలు ఒత్తిడి నిలిచింది. స్వయంగా చూశాను." కింద తన సంతకం. మూతమీద తేదీ దానికి రెండు రోజుల తర్వాతిది.

అతను రెండు తేదీలమీదా వేలు పెట్టి మళ్ళీ చదివాడు.

"ఆ రోజు నేను ఎంతసేపు ఉన్నాను?"

"టీ చల్లారేంతసేపు కూడా లేరు సార్. మర్నాడు సెలవన్నారు. ముందే సంతకం పెట్టి వెళ్ళారు."

"ఆఫీసుకి ఎందుకు చెప్పలేదు?"

"అతుకు బాగుచేశాను గదా. చెబితే మీకు ఇబ్బంది. ఇక్కడ రాయకపోతే విప్పేవాడికి ఇబ్బంది. అందుకని ఇక్కడ రాశాను." మరల్ని గుప్పిట్లో బిగించి అంది, "మీరే విప్పిస్తారనుకోలేదు. తొమ్మిది సరిపోవా సార్? ఇంకో పర్మిట్ తీసుకోండి, అన్నీ ఉన్నాయిగా మీ దగ్గర."

అతను మూత కింద పెట్టాడు. చెయ్యి చాచాడు. ఏమడుగుతున్నాడో ఆమెకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత నడుమునుంచి సీసా తీసి ఇచ్చింది. ఇద్దరూ రెండో అంతస్తుకు దిగారు. అతనే నిచ్చెన ఎక్కి, ఆ వంపు దగ్గర సబ్బునీళ్ళు రాసి, గడియారం చూసుకున్నాడు. ఒక నిమిషం అయింది. మూడు అయ్యాయి. నుదుటిమీద చెమట కంట్లోకి దిగుతున్నా తుడుచుకోలేదు. తొమ్మిదేళ్ళ కిందటి అతుకు, నాణెం అంచులా సన్నగా, గొట్టం చుట్టూ ఎక్కడా తెగకుండా తిరిగివచ్చింది. పది నిమిషాలకు కూడా ఒక్క బుడగ లేవలేదు.

కిందికి దిగి, మెట్టుమీద కూర్చుని ఫారం నింపాడు. ఆమెకు చూపించి మరీ రాశాడు. "పది పనులు చూశాను. పదీ ఈమెవే. పదో పనిలో అధికారి సంతకం అబద్ధం. పని చేసిన మనిషి రాత నిజం. ఆ అధికారి నేనే."

"సార్, ఇది పైకి వెళ్తే మీకు..."

"నియమం ఏమంటోందో నాకు తెలుసమ్మా."

నెలాఖరుకు రెండు రోజుల ముందు లైసెన్సు వచ్చింది. అన్నయ్య తన పాత లైసెన్సు గోడనుంచి దించి, అదే మేకుకు చెల్లెలిది తగిలించాడు. నిచ్చెన లేకుండా అందిన మేకు అదొక్కటే అని వదిన దెప్పింది.

ఇన్‌స్పెక్టర్‌ను మూడు నెలలు డాబాలు ఎక్కనివ్వకుండా ఆఫీసులో బల్ల పనికి కూర్చోబెట్టారు. తిరిగి డాబాలు ఎక్కిన మొదటి రోజు అతనికి వచ్చిన పర్మిట్ సబ్బక్కది, ఒక కుట్టుబడి కారఖానాలో. సాయంత్రం నాలుగింటికి వచ్చి గేజు ముల్లు చూశాడు. సంతకం పెట్టకుండా వెళ్ళిపోయాడు. మర్నాడు సెలవు. నాలుగింటికి మళ్ళీ వచ్చాడు, సొంత సైకిలు తొక్కుకుంటూ. ముల్లు ఉన్నచోటే ఉంది. కాగితంమీద సంతకం పెట్టి, మూత బిగించబోతున్న ఆమెను ఆపాడు.

"మార్కరు ఉందా అమ్మా?"

ఆమె మూడు వరసలు రాసింది. వాటి కింద అతను తేదీ, గంట వేసి, "చూశాను" అని రాశాడు. సిరా ఆరేదాకా ఇద్దరూ నిలబడ్డారు. తర్వాత ఆమె నాలుగు మరలూ బిగించింది.