ఆరు గంటల గోలి, చిన్నమంగళారం లోతు నీళ్ళు

మా మనవరాలు గ్రేసీకి పదిహేనేళ్ళు. ఇంతవరకు సముద్రం చూడలేదు. మా చేవెళ్ళ చర్చి యూత్ పిల్లలు ఆరుగురిని ఎండాకాలంలో విశాఖపట్నం తీసుకుపోయి, సముద్రం లోపలికి దింపి చేపల్ని చూపిస్తామని యూత్ లీడర్ సుధీర్ చెప్పాడు. దానికి ముందు మొయినాబాద్ దగ్గర చిన్నమంగళారంలో, ఒక ఫామ్‌హౌస్ కొలనులో ఒకరోజు నేర్పిస్తారు. అక్కడ సరిగ్గా చేసినవాళ్ళకే సముద్రం. ఇంటి పెద్దలు ఒకరు వచ్చి కాగితం మీద సంతకం పెట్టాలి. మా కోడలికి శనివారం డ్యూటీ. నా చదువు నాలుగో తరగతితోనే ఆగినా సంతకం వచ్చు కాబట్టి నేను బయలుదేరాను.

ముందురోజు సాయంత్రం గ్రేసీకి పడిశం పట్టింది. వాము వేసి ఆవిరి పట్టించాను. పొద్దున పాలబండి పోయిన వెంటనే, ఆరుకు పది నిమిషాలు తక్కువగా, జలుబుకు మా ఇంట్లో ఎప్పుడూ ఉండే గోలి ఒకటి వేడినీళ్ళతో మింగించాను. అరగంటలో ముక్కు విడిచింది. గెలిచాననుకున్నాను.

ఏడూ పదికి బస్సు. ఆధార్ కార్డు చూపించి నేనూ ఆడపిల్లలూ ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్లు తీసుకున్నాం. నా పక్కన కొత్తిమీర మూటతో మార్కెట్‌కు పోయే ఆమె కూర్చుంది.

"పిల్లలందరిని ఏడికి తోలుకపోతున్నవక్కా?"

"నీళ్ళల్ల మునుగుడు నేర్పిస్తరంట. ఫామ్‌హౌస్ల."

"మా బోరు ఎండి నెలయింది. ఆళ్ళకు మునిగేటన్ని నీళ్ళున్నయా!" అని ఆమె నవ్వింది. మూట సర్దుకుని, "జర పైలం. మునిగినోళ్ళను మల్ల తేల్చేది కూడా నేర్పిస్తరో లేదో అడుగు" అంది. అప్పటిదాకా నాకు లేని భయం అక్కడ మొదలైంది.

ఎనిమిదికి పది నిమిషాల ముందు మొయినాబాద్‌లో దిగాం. తేలిక తిండే తినాలని సుధీర్ ముందే చెప్పడంతో పిల్లలు తలా రెండు ఇడ్లీలతో ఆపారు. అక్కడి నుంచి రెండు ఆటోలు. దారికి ఒకవైపు గులాబీ తోటలు, ఇంకోవైపు ప్లాట్ల హద్దురాళ్ళు. ఎనిమిదిన్నరకు గేటు ముందున్నాం.

కొలను ఒక చివర మోకాలి లోతు, రెండో చివర రెండు నిలువుల లోతు. నేర్పించే ఆమె పేరు లలిత, విశాఖపట్నం మనిషి. ఆమెకు తోడు ఇంకో ట్రైనర్. వీపుకు కట్టే గాలి సిలిండర్ మా ఇంటి గ్యాస్ బండలో సగం ఉంది.

లలిత మొట్టమొదట చెప్పిన మాటే నాకు తలకిందులుగా తోచింది. షాబాద్‌లో మా పుట్టింటి బావిలో, వీపుకు సొరబుర్ర కట్టుకొని నేను ఈత నేర్చుకున్నప్పుడు మా బాపు "ఊపిరి బిగబట్టు" అని అరిచేవాడు. ఈమె ఏ క్షణంలోనూ బిగబట్టకూడదంటోంది. అడుగున సిలిండర్ నుంచి పీల్చిన గాలి పైకి వచ్చేకొద్దీ ఉబ్బుతుందట. బిగబట్టి లేస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయట. అందుకే పీలుస్తూ, వదులుతూ, నెమ్మదిగా లేవాలి. ప్రతి ఒక్కరికీ ఒక జోడీ. జోడీ చేతికందేంత దూరంలోనే ఉండాలి. దిగేటప్పుడు ముక్కు పట్టుకుని మెల్లగా ఊది చెవులు విప్పుకోవాలి, నొప్పి పుడితే అక్కడే ఆగాలి.

"వద్దనిపిస్తే వద్దని సైగ చేయండి. కారణం అడగం. ఎవరైనా ఎగతాళి చేశారో, వాళ్ళని గట్టు మీద కూర్చోబెడతాను" అంది లలిత. ఆ మాట నాకు నచ్చింది.

తర్వాత కాగితాలు. అంతా ఇంగ్లీషు. గ్రేసీ అన్నిటికీ "లేదు" అని గీతలు పెట్టేసింది. సంతకానికి ముందు సుధీర్ నాకు తెలుగులో చదివి చెప్పాడు. ఆయాసం ఉందా, మూర్ఛ ఉందా, చెవి కారుతుందా. చివరికి జలుబు ఉందా, ఈరోజు ఏదైనా మందు వేసుకున్నారా.

నా పెన్ను ఆగింది. జలుబు నిన్న ఉంది, ఇప్పుడు లేదు. లేనిదాన్ని లేదనడం అబద్ధమా? గ్రేసీ నా చీర కొంగు పట్టి లాగుతోంది.

"మేడం, సర్ది గోలితోని పోతే పోయినట్టే గదా?" అని అడిగాను.

"పోయినట్టు కాదమ్మమ్మగారూ, దాక్కున్నట్టు. మందు బలం నీళ్ళ అడుగున అయిపోయిందనుకోండి, ముక్కూ చెవీ మళ్ళీ మూసుకుంటాయి. పైకి వచ్చేటప్పుడు గాలి చెవిలో ఇరుక్కుంటుంది. నొప్పి, కళ్ళు తిరగడం. పిల్ల కంగారుపడి ఒక్కసారిగా పైకి లేస్తుంది. అసలు ప్రమాదం అక్కడే."

"మరి నేను పొద్దుగాల ఏసిన. ఆరుకు పది నిమిషాలు తక్కువున్నది. పాలబండి అప్పుడే పోయింది."

లలిత గ్రేసీ చేతిలోని కళ్ళద్దాల ముసుగు మెల్లగా తీసుకుంది. "మందు లేకుండా పూర్తిగా తగ్గాక రామ్మా. వచ్చే నెల ఇంకో బ్యాచ్ ఉంది" అంది.

గ్రేసీ నా వైపు చూసింది. "నువ్వే ఏసినవ్. నువ్వే చెప్పినవ్. ఏదన్న ఒక్కటి చెయ్యకుంటే అయిపోవు గదా అవ్వా!"

వేసింది కొలనులో దిగాలనే, చెప్పింది కొలనులో నుంచి లేవాలనే. రెండూ దాని కోసమే అయినప్పుడు ఒకటి తప్పెట్లా అయిందో నాకు అంతుపట్టలేదు.

పదీ నలభై అయిదుకు మొదటి జోడీ దిగింది. పదకొండూ ఇరవైకి రెండోది. మూడోది గ్రేసీ, దాని స్నేహితురాలు మౌనిక దిగాల్సింది. పన్నెండుకు అయిదు నిమిషాల ముందు లలితే మౌనికకు జోడీగా దిగింది, ఇంకో ట్రైనర్ పక్కనే ఉన్నాడు. నీళ్ళ మీద బుడగలు తప్ప ఏమీ కనబడలేదు. అవి ఆగినట్టనిపించినప్పుడల్లా నా ఊపిరే ఆగింది.

పన్నెండు దాటిన కొద్దిసేపటికి గ్రేసీ తుమ్మింది. ఒకటి, రెండు, మూడు. తర్వాత ముక్కు పట్టుకుని, పొద్దున నేర్పినట్టే మెల్లగా ఊదింది. మళ్ళీ ఊదింది. వేలితో కుడిచెవి కదిలించి చూసుకుంది. నేను చూసీ చూడనట్టు బగారన్నం డబ్బాలు విప్పాను.

మూడున్నరకు మొయినాబాద్‌లో తిరుగు బస్సు ఎక్కాం. మౌనిక అడుగున చూసినదంతా ముందు సీట్లో చెబుతోంది. చూసింది నీలం టైల్సే, అయినా సముద్రమంత చెబుతోంది. గ్రేసీ కిటికీ వైపే చూస్తోంది.

మీ పిల్లల్ని ఇలా పంపేటట్టయితే నేను చెప్పగలిగింది ఒక్కటే. ఏ గోలి వేశారో, ఎన్ని గంటలకు వేశారో గుర్తు పెట్టుకొని, అడగకముందే చెప్పండి. ఊపిరి బిగబట్టకుండా నీళ్ళలో ఎట్లా ఉంటారో, ముక్కుకూ చెవికీ మధ్య దారి ఎక్కడుందో నాకింకా అర్థం కాలేదు. అర్థమయ్యేదాకా ఆగి చెప్పి ఉంటే మాత్రం ఆలస్యమయ్యేది.

సగం దారిలో దాని కుడిపక్కన కూర్చుని, "కోపమొచ్చిందా బిడ్డా?" అన్నాను. పలకలేదు. ఇంకోసారి అడిగాను.

"ఆ చెవిల ఇనవడ్తలేదవ్వా" అంది ముక్కుతో. "పన్నెండు నుంచి మూసుకపోయింది." ముక్కు తుడుచుకుని, "అప్పటికి నేను అడుగున ఉండేదాన్ని" అంది.

అని, జరిగి కిటికీ సీటు నాకిచ్చింది. చేవెళ్ళ వచ్చేదాకా నేను దాని ఎడమవైపే కూర్చున్నాను.