మా అమ్మ వంక పెట్టిన మనిషి

మా అమ్మ పేరు గుర్వమ్మ. మక్తల్ దగ్గర పల్లె మాది. గొర్లు కాస్తది. ఆమె గురించి రాసుకునేంత పెద్ద ముచ్చటేం లేదు, ఒక్క జడ్జి ముచ్చట తప్ప.

నాయిన ఎల్లేశం పాము కరిచి పోయినప్పుడు నేను పదో తరగతి. ఆ ఎండకాలమే అమ్మ మందను తోలుకొని అమ్రాబాద్ అడివి దిక్కు బయలెల్లింది. ఆడది మంద ఎంట పోవుడు మన కులంల లేదని పెద్దమనుషులు అడ్డం పడ్డరు. "సరే, మీల ఎవరు పోతరో చెప్పుండ్రి, తోలిస్త" అన్నది. ఎవ్వరు ముందుకు రాలే. వానలు మొదలైనంక తిరిగొచ్చింది. రెండు గొర్లు తక్కువైనయి, అంతే. కరోనా ఏడాది సంతలు బందైతే పదకొండు ఇండ్ల గొర్లను ఒక్క మంద చేసి, వంతులేసి మేపిచ్చింది. పేపర్ల ఫొటో పడ్డది.

ఒక్క సంగతి ముందే చెప్పాలె. మా గొర్లోళ్ళు సంతల మనసుకు పట్టిన జీవాన్ని మెచ్చుకోరు. మెచ్చితే దిష్టి తాకుతది, అమ్మేటోడు గూడ బిర్రుగై ధర దించడు. అందుకని నచ్చినదానికే వంకలు పెడ్తరు. కాలు పొట్టిగున్నది, చెవి చినిగింది, దగ్గుతాంది అంటరు. వద్దనుకున్నదాన్ని "లచ్చనంగున్నది" అని మెచ్చి పక్కకు జరుగుతరు. అమ్మకు ఈ అలవాటు మనుషుల కాడ గూడ ఉంటది. నన్ను దినాం తిడ్తది. నేను డిగ్రీ రెండో ఏడాదిల ఇడిచిపెట్టొచ్చిన నాడు మాత్రం "మంచిపని చేసినవు" అన్నది.

రెండేండ్ల కింద పాలమూరుల ఒక వ్యాపారుల సంఘం ఉత్తమ వ్యాపార నాయకత్వం అని అవార్డు పెట్టింది. ముగ్గురు జడ్జీలు. రిటైరైన లెక్చరర్ గాలయ్య సారు, బ్యాంకుల పనిచేసే మెర్సీ మేడం, ఊర్లోళ్ళ తరఫున మా అమ్మ. అమ్మకు సంతకం వస్తది గని చదువు రాదు. కాగితాలు చదివి చెప్పెటందుకు నేను.

ఆఖరుకు ఇద్దరు మిగిలిండ్రు. మక్తల్ల పప్పు మిల్లు నడిపే సంగప్ప సేటు ఒకరు, నారాయణపేటల ముప్పై మగ్గాలతోని చీరలు నేయించే స్వర్ణ ఇంకొకరు. నేను పనిచేసేది సేటు మిల్లులనే, బస్తాలు కాంటా పెట్టుడు. ఈ సంగతి మిగిలిన ఇద్దరు జడ్జీలు అడుగలే, నేను చెప్పలే.

సేటు గదిలకు పిలిచిండు.

"రాజేశ్, కొత్త మిషన్ వస్తాంది. సగం మందిని తీసేస్తున్న. నీ పేరు ఏ దిక్కు రాయాల్నో ఇంక అనుకోలే. మీ అమ్మకు జర సమజ్ చెయ్యి."

"ఆమె నా మాట ఇనదు సేటు."

"ఇనేటట్టు చెప్పు మరి. కాలేజీల గదన్న నేర్పిండ్రా లేదా?"

హైదరాబాద్‌ల మూడు పనులు ఇడిచిపెట్టొచ్చిన నేను. ఇది పోతే మంద ఎనక పోవుడే. అమ్మకు మాత్రం ఏం చెప్పలే.

మిల్లు చూడనీకి జడ్జీలొచ్చిన నాడు నేల దాకా కడిగి పెట్టినం. సేటు ముందు నడుస్తుంటే గాలయ్య సారు పక్కపొంటి నడుసుకుంట రాసుకుంటుండు. అమ్మ ఎనకబడ్డది. జల్లెడ కాడ నర్సింగమ్మను "దుమ్ము ముక్కులకు పోతలేదా ఒదినె?" అని అడిగింది. నర్సింగమ్మ సేటు దిక్కు చూసి "ఏం లేదు" అన్నది. హమాలీ ఒకన్ని "పగటీలి బువ్వ ఏడ కూసొని తింటరు?" అన్నది. వాడు గూడ సేటు దిక్కు చూసిండు. బస్తా ఎత్తుకొని పక్కకు జరిగిండు.

తెల్లారి నారాయణపేట. మేం పోయేసరికి లోపల లొల్లి. లక్ష్మీనర్సమ్మ అని, అందరు అత్తా అనే ఒక నేసే ముసలామె మగ్గం గుంతల నుంచే స్వర్ణ మీద అరుస్తాంది.

"జడ్జీలొస్తున్నరని ఆ చీరలు ఎందుకు దాస్తున్నవే? తియ్యి! ఈ ఎరుపు దిగుతదని మొన్ననే చెప్పిన. ఇన్నవా?"

"ఇనలేదు అత్తా. నాదే తప్పు." స్వర్ణ అంచు రంగు పారిన చీరలు తెచ్చి జడ్జీల ముందట పరిచింది. "ఇరవై ఖరాబైనయి సారు. నాకు తొందరెక్కువ."

"దినాం గిట్లనే తిడ్తరా?" అన్నడు గాలయ్య సారు.

"వంతులేసుకున్నం సారు. ఇయ్యాల అత్తది, రేపు నాది" అన్నది ఇంకో మగ్గం మీది పిల్ల. అందరు నవ్విండ్రు. మగ్గాలు మాత్రం ఆగలే. సారు నవ్వలే. క్రమశిక్షణ అని రాసి కింద గీత కొట్టిండు.

బండి మీద తిరిగొస్తుంటే అమ్మ ఎనక నుంచి అన్నది. "మంద ముందట నడిచేదాన్ని చూస్తే ఏం తెల్వదురా. ఆఖరున కుంటుకుంట వచ్చేదాన్ని చూడాలె. అది అరుస్తాందంటే, కాపరి ఇంటడని దానికి తెలుసన్నట్టు. చప్పుడు చెయ్యకుంట వస్తాందంటే, ఆ కాపరి ఎంత దొడ్డోడైతేంది?"

అమ్మ మార్కులు ఎవరికి ఏస్తదో నాకు తెలిసిపోయింది.

ఆఖరు మీటింగుల మెర్సీ మేడం స్వర్ణ అన్నది, గాలయ్య సారు సేటు అన్నడు.

"ఇగ మీదే మాట గుర్వమ్మా" అన్నడు సారు.

అమ్మ కొంగు సర్దుకున్నది. "సేటు గొప్పోడు. మిల్లు అద్దమోలె ఉన్నది. లచ్చనమైన మనిషి. ఆ పిల్లకే తొందర. చెప్తే ఇనదు. మంచి చీరల రంగు కారవెట్టింది. ఇంతింత నోరున్నోళ్ళను పనిల పెట్టుకున్నది."

సారు మొకం ఇప్పారింది. అమ్మ పేరు కింద పదికి సేటుకు తొమ్మిది, స్వర్ణకు నాలుగు రాసిండు.

మెర్సీ మేడం మాత్రం అమ్మనే చూస్తాంది. "అంతేనా అమ్మా?"

"అంతే మేడం. నాకు పట్టింది చెప్పిన."

"రాజేశ్, సంతకం కంటే ముందు ఆ కాగితం అమ్మకు చదివి చెప్పు."

కాగితం నా చేతికొచ్చింది. తొమ్మిది, నాలుగు. రెండు అంకెలు చదివితే అయిపోతుండె. ఫ్యాను తిరుగుతాంది.

"నువ్వు చెప్పినట్టే రాసిండ్రే అమ్మా" అన్న.

అమ్మ ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంట సంతకం పెట్టింది.

అవార్డు ఫంక్షన్ పాలమూరుల. పేరు పిలిచేదాకా అమ్మకు తెల్వదు. షీల్డు ఆమె చేతులకే ఇచ్చిండ్రు. సేటు వంగి ఆమె కాళ్ళు మొక్కిండు, ఫొటోలు తీసిండ్రు. వంగినోని మీదికెళ్ళి అమ్మ కుర్చీలల్ల నా కోసం చూసింది. నేను తల వంచుకోలే. ఉత్తగ చూసిన.

బస్టాండుల అడిగింది. "ఆ పిల్లకు నేను అన్ని వంకలు పెట్టిన గదరా?"

"పెట్టినవు."

"మరి?"

"వాళ్ళకు మన తీరు తెల్వదు."

"నీకు తెలుసు గద."

బస్సొచ్చింది. ఎక్కినం. ఆమె ముందు సీట్ల కూసున్నది, నేను ఎనక.

ఆ నెలలనే మిల్లుల సగం మందిని తీసేసిండ్రు. నర్సింగమ్మను గూడ. నన్ను గోదాం మీద పెట్టిండ్రు. ఏమన్న అయితదేమో, నిద్ర పట్టదేమో అనుకున్న. పట్టింది. అమ్మ గూడ లొల్లి చెయ్యలే. పొద్దుగాల జొన్నరొట్టె కట్టిస్తది, నేను తీస్కపోత. స్వర్ణ సంగతి ఇంట్ల మల్ల ఎవ్వరం తియ్యలే.

మొన్న ఆ సంఘమోళ్ళు ఫోన్ చేసిండ్రు. ఈ ఏడు గూడ జడ్జిగ రావాలన్నరు. అమ్మ సరేనన్నది. ఫోన్ నా చేతికిచ్చుకుంట, "చదువనీకి బక్కమ్మ బిడ్డను తీస్కపోత" అన్నది.

బక్కమ్మ మా పక్కింటామె. ఆమె బిడ్డ ఇంటర్ చదువుతాంది.

"సరే" అన్న. మిల్లుకు టైమైతాంది. బండి తీసిన.