అక్క పాట పోయిన మెమరీ కార్డు

నా చిన్నప్పుడు, ఎయిర్‌పోర్టు వచ్చిన కొత్తలో, మా శంషాబాద్‌లో పాటలు ఎవరూ కొనేవారు కాదు. మెమరీ కార్డులో ఎక్కించుకునేవారు. ఆ పని మా మేనత్తదే. బస్టాండు దగ్గర ఆమెకు జిరాక్సు షాపు, అందులో ఒక కంప్యూటరు ఉండేవి.

ఆ ఏడు బతుకమ్మ ఆటలో మా అక్క పాట ఎత్తుకుంది. వాడకట్టు ఆడవాళ్లంతా, వాళ్లలో నేనూ, ఆమె వెంట పాడాం. చిన్నాన్న తన ఫోనులో రికార్డు చేశాడు. ఇక చూడండి, ఇంటికి ఎవరొచ్చినా ఆ పాటే. నాకు ఒళ్లు మండిపోయేది. అక్క కంటే నేనే బాగా పాడతానని నా గట్టి నమ్మకం. పాల ప్యాకెట్టు తేవడానికి నేను, పొగడ్తలకు అక్క!

ఫోను ఇంగ్లీషులో ఏమడిగినా ఓకే నొక్కడం మా ఇంటి ఆచారం. ఒకరోజు కార్డు తీసి మళ్లీ పెట్టగానే ఫోను ఏదో అడిగింది, చిన్నాన్న ఓకే నొక్కాడు. కార్డంతా ఖాళీ. అక్క అన్నం మానేసి ఏడ్చింది. అబద్ధమెందుకు, నా కళ్లు చల్లబడ్డాయి. ఆ పూట కూర మళ్లీ అడిగి వడ్డించుకుని తిన్నాను.

అక్కను ఊరుకోబెట్టడానికి కొత్త సినిమా పాటలు ఎక్కిద్దామని చిన్నాన్న మమ్మల్ని షాపుకు తీసుకెళ్లాడు. సంగతి వినగానే మేనత్త కార్డు లాక్కుంది.

“ఆగు తమ్మీ, గీ కార్డుల ఒక్క పాట గూడ ఎక్కియ్యకు. పాట యాడికి పోలే. ఇండ్ల మీది నంబర్లు చెరిగినయంతే, కిరాయికున్నోళ్లు లోపల్నే ఉన్నరు. కొత్తోళ్లు దిగితెనే పాతోళ్లు పోతరు.”

కార్డులో కంటికి కనబడని గదులుంటాయట. ఫోను ఆపేసినా వాటిలో దాచిన చిటికెడు కరెంటు అలాగే నిలిచి ఉంటుందట. పాటంటే అదేనట. ఏ పాట ఏ గదిలో ఉందో చెప్పే ఆనవాలు మాత్రమే పోయిందట. అక్క మొహం వెలిగింది, నా మొహం మాడింది.

కంప్యూటరు గాలించి బయటికి లాగినవాటికి పేర్లు లేవు. ఒక్కొక్కటీ విని చూడాలి. అక్క ముందుకు రాబోతే మేనత్త ఆపి, హెడ్‌ఫోను నా చెవులకు పెట్టింది. “నువ్వు ఇను బిడ్డా. దొరికితె చెప్పు, దాస్త. మిగిలినయన్నీ తీసేస్త.” నా మొహం చదివే అలా చేసిందని నాకిప్పటికీ అనుమానం. అంతలో జిరాక్సుకు ఎవరో వస్తే అటు వెళ్లిపోయింది.

సినిమా పాటలు, మేకల అరుపులు, చిన్నాన్న హలో హలోలు, ఆ తర్వాత అక్క గొంతు. దొరకలేదంటే సరిపోయేది, ఇంకెవరూ వినరు. ఇంట్లో ఆ పాట మోగినప్పుడల్లా నేను వాకిట్లోకి పోయేదాన్ని. మొదటిసారి చివరిదాకా విన్నాను. వెనక పాడేవాళ్లలో నా గొంతు కోసం వెతికాను. దొరికింది. అందరికంటే గట్టిగా ఉంది, శ్రుతి తప్పి ఉంది. అక్క మాత్రం నడుమ విమానం మోత మోగినా తడబడలేదు.

“ఇదే” అన్నాను. అనగానే నాకు ఏడుపొచ్చింది. మేనత్త వచ్చి పాటను రెండు చోట్ల దాచి నా తల నిమిరింది.

ఇప్పటికీ ఎవరినైనా చూసి కడుపు మండితే, వాళ్లు చేసినదాన్ని ఒక్కదాన్నే కూర్చుని చివరిదాకా వింటాను, చూస్తాను. మంట తగ్గదు. బాగుంటే మాత్రం, బాగుందని నా నోటితోనే చెప్పి లేస్తాను.