సనాబిస్‌లో హైమావతి గారి పద్యం

పౌరాణిక నాటకాల్లో రాణి వేషాలకు పేరుమోసిన హైమావతి గారి జీవిత చరిత్ర రాయాలన్న సంకల్పం నన్ను డెబ్బయి రెండేళ్ల వయసులో బహ్రెయిన్‌కు చేర్చింది. తొమ్మిదో ఏట బాలవేషంతో రంగమెక్కి, పదహారో ఏట కిరీటం ధరించి, నలభై ఏళ్లు ఊరూరా పాడిన ఆమె ఇప్పుడు సనాబిస్‌లో నర్సుగా పనిచేసే కూతురు సునీత దగ్గర ఉంటున్నారు. నేను వచ్చానని తెలిసి, శుక్రవారం ఇక్కడి తెలుగువారి ఎదుట ఒక పద్యం పాడతానన్నారు. సంతోషించవలసిన నేను భయపడ్డాను. ఆమె గుండెకు శ్రమ కూడదని వైద్యులు చెప్పి ఉన్నారు.

ఆ శుక్రవారం గుదైబియాలోని నా బస నుంచి మధ్యాహ్నం మూడు గంటలకు సభకు బయలుదేరాను. పావుగంట ప్రయాణానికి మూడు దినార్లు. కారు నడిపే మల్లేశం జగిత్యాల వైపువాడు. పద్యం నచ్చి ప్రేక్షకుడు ‘వన్స్ మోర్’ అంటే నటులు దాన్ని తిరిగి అందుకోవడం మన నాటకాల్లో ఆచారం. హైమావతి గారు ఏనాడూ కాదనలేదు. నా గుబులంతా దాని గురించే.

“ఈరోజు ఎవరూ వన్స్ మోర్ అనకూడదు, నాయనా.”

“గట్లెట్ల సార్? అనకుంటె పద్యం ఫెయిలైనట్టే గద!”

“ఆమె ఆరోగ్యం బాగాలేదు.”

“గట్లయితె ఖలాస్. నోరు మూసుకుంట.”

సభకు ఒక తెలుగు క్రైస్తవ సహవాసంవారు సనాబిస్‌లోని తమ హాలు ఇచ్చారు. లేబర్ క్యాంపుల నుంచి వచ్చిన కార్మికులతో అది నిండింది. వరుస వరుసకూ వెళ్లి బతిమాలి, అందరి చేతా మాట తీసుకున్నాను.

నాలుగున్నరకు హైమావతి గారు బిడ్డను వెతుక్కునే రాణి పద్యం ఎత్తుకున్నారు. గొంతు సన్నగిల్లినా శ్రుతి చెదరలేదు. చివరి రాగాలాపన సాగినంతసేపూ నేను పక్కనే కూర్చున్న సునీత ముఖమే చూస్తూ ఉన్నాను. పద్యం ముగిసింది. చప్పట్లు మోగి, ఆగిపోయాయి. ఆమె మాత్రం కదలలేదు. కొంగు సవరించుకుని, హార్మోనియం వైపు ఒకసారి చూసి, అలాగే నిలబడ్డారు. కాసేపటికి ముఖం వాడింది.

“పాడు చేశానా మాస్టారూ?”

దాచలేక నిజం చెప్పాను.

“చప్పట్లు మర్యాదకు కొడతారండీ. ఇంతమందినీ అడిగారు, నన్నొక్కదాన్నే అడగలేదే?”

“అమ్మా, ఇక కూర్చో,” అంది సునీత.

“నువ్వు కూర్చోవే!”

నేను సునీత వైపు చూశాను. ఆమె కళ్లు మూసుకుని తలూపింది. లేచి నిలబడి వన్స్ మోర్ అన్నాను. నా మాట పక్కవారికే వినిపించింది.

“గట్లగాదు సార్, గట్టిగ!” అంటూ నా వెనకే కూర్చున్న మల్లేశం కేక పెట్టాడు. హాలంతా అందుకుంది.

రెండోసారి పద్యం సగంలో ఆమె తూలారు. మల్లేశం పరుగున కుర్చీ తెచ్చి వేశాడు. సునీత నాడి పట్టుకుని ఉండగా, మిగిలిన పాదాలను ఆమె రాగం లేకుండా మాటలుగా చెప్పి ముగించారు.

ఆమె క్షేమంగానే ఇల్లు చేరారు. అయినా నా మనసు కుదుటపడలేదు. మొదట చేసింది తప్పని తెలుసుకున్నాను. తరువాత చేసింది ఒప్పని ఇప్పటికీ అనలేను. అన్ని గ్రంథాలు చదివీ, పక్కవారి ప్రాణానికి కావలి కాయడం వేరు, దానిపై పెత్తనం చేయడం వేరని గ్రహించలేకపోయాను. వృద్ధ కళాకారుల సభ ఏర్పాటు చేసేవారికి ఒక సూచన: ఎవరి నోరూ కట్టేయకండి. వేదిక మీద, వారి చేతికి అందేంత దగ్గరలో, ఒక కుర్చీ వేయించండి.