బయటి అంచుకు గట్టు

వన్ టౌన్‌లో పాత గోదాముల వెనక సందులో వీరన్నకు ఒక రేకుల షెడ్డు ఉండేది. అక్కడ అతను జీపుల చక్రాలను వెడల్పు చేసేవాడు. ఎనభైలలో ఉక్కు కర్మాగారం కడుతున్న రోజుల్లో కాంట్రాక్టర్లు తమ జీపులను అతని దగ్గరికే పంపేవారు. ఎవరు వచ్చినా అతను ఒక షరతు చెప్పేవాడు: రిమ్ము బయటి అంచుకు లోపల గట్టు వేయనిదే చక్రం ఇవ్వడు. వద్దన్నవాళ్లను వాదించకుండా పంపేసేవాడు. ద్వారకా నగర్ నుంచి షోకు కోసం ఫియట్ చక్రాలు తెచ్చే కుర్రకారుకూ ఆ మాటే. మొండివాడని పేరు పడింది. నిజానికి వీరన్న మొండివాడు కాడు. ఒకసారి, డెబ్భై ఎనిమిదిలో, అవతలివాడు అడిగాడని లొంగిపోయినవాడు.

అతనిది విజయనగరం వైపు మెట్ట సేద్యం చేసుకునే కుటుంబం. పదిహేడేళ్లప్పుడు పోర్టుకు వచ్చి, ఓడల మరమ్మతు చేసే ఒక మేస్త్రీ దగ్గర గ్యాస్ కటింగు, వెల్డింగు నేర్చుకున్నాడు. షెడ్డు డెబ్భై నాలుగులో వేసుకున్నాడు. వెడల్పు చేయడమంటే రిమ్మును చుట్టూ రెండుగా కోసి, మధ్యలో రెండంగుళాల ఇనుప పట్టీని వలయంగా వంచి పెట్టి, మళ్లీ అతకడం. కోయడం, అతకడం ఎవరైనా చేస్తారు. వంకర లేకుండా చేయడమే పని. అతను చక్రాన్ని ఇరుసుకు తగిలించి, ఒక మేకును అంచుకు ఆనీ ఆననట్టు పట్టుకుని తిప్పేవాడు. మేకు గీరిన చోట సుద్దతో గుర్తు పెట్టి సుత్తితో సరిచేసేవాడు. మేకు ఎక్కడా గీరకుండా మూడు చుట్లు తిరిగితేనే ఆ చక్రం అయినట్టు.

వెడల్పు ఎందుకంటే, ఇసుక కోసం. భీమిలి దారిలోని పల్లెల్లో తెప్పలు ఒడ్డుకు రాగానే చేపలు ఎత్తుకోవడానికి జీపులు నీటి అంచుదాకా దిగేవి. సన్నటి టైరు ఇసుకలో కూరుకుపోతుంది. వెడల్పు రిమ్ము వేసి, టైర్లలో సగం గాలి తీసేస్తే జీపు ఇసుక మీద తేలినట్టు పోతుంది. చిక్కల్లా తిరిగి రోడ్డెక్కినప్పుడు. చేతి పంపుతో నాలుగు టైర్లకూ గాలి కొట్టడానికి అరగంట పడుతుంది. పూర్ణా మార్కెట్‌లో ధర అరగంటకు ఆగదు. అందుకని డ్రైవర్లు మెత్తటి టైర్లతోనే పోయేవారు. అలా పోయే జీపు మలుపులో ఒరిగినప్పుడు, టైరు అంచు రిమ్ము మీద తాను కూర్చున్న చోటు నుంచి జారి మధ్యనున్న పల్లంలో పడుతుంది. ఆ తరవాత స్టీరింగు చేతిలో ఉండీ లేనట్టే. వీరన్న అలా జారిన టైరును డెబ్భై ఆరులో ఒకసారి చూశాడు. అప్పట్నుంచి తాను చేసే రిమ్ములకు లోపల, అంచు కూర్చునే చోటు పక్కన, వేలిలో సగం మందం ఉన్న చువ్వను వలయంగా అతికి, ఒక పక్క వాలుగా అరగదీసేవాడు. మడిలో నీళ్లు నిలపడానికి గట్టు ఎలా వేస్తారో అలాగే. నిండా గాలి కొడితే టైరు అంచు వాలు ఎక్కి అవతలికి దిగుతుంది, తిరిగి రాదు. బయటికి కనబడే అంచుకూ, జీపు వైపున్న లోపలి అంచుకూ, రెండింటికీ వేసేవాడు.

తిరిగి రాకపోవడమే తగాదాకు మూలమైంది. మార్కెట్ దగ్గర పంక్చరు షాపు పోలయ్య అతని చక్రం కనబడితే చాలు, సుత్తి కింద పెట్టేసేవాడు.

"బావా, ఇది ఇప్పాలంటే నాను సాలనురా. జూలోంచి ఏనుగుని తోలుకురా" అనేవాడు పదిమందిలో.

డెబ్భై ఎనిమిది వేసవిలో, వీరన్న చేసిన చక్రాలతో చేపలు తోలే కన్నబాబు జీపుకు ఇసుక మీద పంక్చరైంది. టైరు ఊడదీసేసరికి పొద్దెక్కింది. చేపలు పాడైపోయాయి. కన్నబాబు అక్క కాసులమ్మది భీమిలి దారిలోని ఒక పల్లెలో చేపల బేరం. ఆమెతోపాటు మరో ఎనమండుగురు ఆడవాళ్లు గంపలతో అదే జీపులో పట్నం వచ్చేవారు. మర్నాడు కన్నబాబు నాలుగు చక్రాలూ తెచ్చి షెడ్డు ముందు పడేశాడు.

"ఆ గట్లు తీసేయ్ బావా. మా యప్ప నన్ను పచ్చిగా తినేత్తంది."

"తీత్తే టైరు జారిపోద్దిరా."

"గాలి నిండా కొడతాను. ఒట్టు. జారదు కదా?"

"నిండా ఉంటే జారదు."

"మరింకేటి? తియ్యి."

వీరన్న తీసేశాడు. గ్రైండరుతో నాలుగు చక్రాలకూ చువ్వలు అరగదీసి, చెయ్యి పెట్టి చూస్తే నున్నగా తగిలేంత శ్రద్ధగా తీసేశాడు. గాలి నిండా ఉంటే జారదన్న మాట నిజమే. కన్నబాబు గాలి కొట్టడన్నదీ నిజమే, అదీ వీరన్నకు తెలుసు. మొదటి నిజాన్ని పైకి చెప్పి, రెండోదాన్ని మనసులో పెట్టుకున్నాడు. మనిషి అబద్ధమాడకుండానే తప్పు చేయగల మార్గాల్లో అదొకటి.

నాలుగో రోజు మార్కెట్ దగ్గర ఆ జీపు ఎదురైంది. తొమ్మండుగురు ఆడవాళ్లు, గంపల మీద గంపలు. టైర్లు నాలుగూ పక్కలకు ఉబ్బి ఉన్నాయి.

"గాలేదిరా?"

"రేపట్నించి కొడతాను బావా. ఇయ్యాల ఆలిస్యమైపోనాది."

భీమిలి నుంచి వచ్చే దారిలో ఎడమ పక్క సముద్రం. కుడికి తిరిగే మలుపుల్లో జీపు ఆ ఎడమకే ఒరుగుతుంది. ఈ రెండు సంగతులూ ఇంటికి వెళ్లాక కూడా వీరన్నను వదలలేదు. భార్య జోగమ్మ అన్నం వడ్డిస్తూ ఏమైందని అడిగితే చెప్పాడు. "అయితే ఇక్కడ కూకుని నాకు సెప్పడమేటి? ఆళ్లకి సెప్పు" అంది ఆమె.

మర్నాడు మొదటి బస్సుకు పల్లెలో దిగాడు. తెప్పలు వచ్చేశాయి. కన్నబాబు అగ్గిపుల్లతో వాల్వు నొక్కి గాలి తీస్తున్నాడు. ఆడవాళ్లు గంపలు ఎక్కిస్తున్నారు. వీరన్న జీపు ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

"ఓపాలి కాళీగా తిప్పి సూపించు. మడిసిని ఎక్కించకు."

"ఏటి బావా ఇది, బేరం టైములో!"

కాసులమ్మ గంప దించింది. "ఏటయ్యా నీ గోల? నువ్వొచ్చీవని సేపలు మళ్లీ బతుకుతాయేటి?"

"అమ్మా, ఈ సెక్రాలు నానే సేసేను. నానే సెడగొట్టేను. నీ కళ్లతో సూడు, తరవాత నీ ఇష్టం."

తన పని చెడిపోయిందని తానే చెప్పే పనివాణ్ణి ఆమె అంతకుముందు చూసి ఉండదు. గంపలన్నీ దించమంది.

నీటి అంచున తడిసి గట్టిపడ్డ ఇసుక రోడ్డులాగే ఉంటుంది. కన్నబాబు దాని మీద జీపును కుడికి తిప్పుతూ చుట్లు కొట్టాడు. మొదటి రెండు చుట్లకు ఏమీ కాలేదు. ఆడవాళ్లు నవ్వారు. వీరన్నకు ఒక్క క్షణం, ఏమీ కాకుండా ఉంటే బాగుండునని కూడా అనిపించింది. మూడో చుట్టులో ముందరి ఎడమ చక్రం పటుక్కున కుంగింది. రిమ్ము ఇసుకను దున్నుకుంటూ పోయి ఆగింది. జీపు పక్కకు ఒరిగి నిలిచింది. కన్నబాబు దిగాడు.

"జీపుకీ నడుం పట్టేసిందే" అంది వెనకనుంచి ఎవరో. ఈసారి ఎవరూ నవ్వలేదు.

కాసులమ్మ చక్రాన్ని చూసింది, రోడ్డు వైపు చూసింది. తమ్ముణ్ణి తిట్టిన తిట్లు రాయదగ్గవి కావు. ఆ తరవాత వీరన్న వైపు తిరిగింది.

"ఆడు అడిగితే తీసెత్తావా? రేపు బ్రేకులు తీసెయ్యమంటాడు. తీసెత్తావా?"

వీరన్న వంగి చక్రాన్ని తడిమి చూడసాగాడు. తిట్లకు తల దించుకున్నాడనే అందరూ అనుకున్నారు. కొంత అదీ నిజమే. కానీ అతని వేళ్లకు ఇంతకాలం తెలియని సంగతొకటి తగిలింది. పల్లంలో పడింది బయటి అంచే. లోపలి అంచు ఎక్కడ కూర్చున్నది అక్కడే ఉంది. లేచి మళ్లీ చూశాడు. మలుపులో బరువంతా బయటికి తోస్తుంది, నేల టైరును లోపలికి తోస్తుంది. జారవలసింది బయటి అంచే. పంక్చరు వేయడానికి ట్యూబు బయటికి లాగాలంటే ఒక అంచు ఊడితే చాలు, అది లోపలి అంచైనా సరే. రెండేళ్లుగా అతను రెండు గట్లు వేస్తూ వచ్చాడు. ఒకటి ప్రాణం కాపాడేది. రెండోది పోలయ్యను ఏడిపించడానికి తప్ప ఎందుకూ పనికిరానిది.

ఆ రోజు స్పేరు టైరు బిగించి, కాసులమ్మ పక్కన నిలబడగా కన్నబాబు అన్నిటికీ నిండా గాలి కొట్టాక గానీ జీపు కదలలేదు. చేపలకు సగం ధరే పలికింది.

వీరన్న చక్రాలు తెచ్చుకుని, బయటి అంచులకు మాత్రం మళ్లీ గట్లు వేశాడు. టైర్లు ఎక్కించి ఒకదాన్ని పోలయ్య దగ్గరికి దొర్లించుకుపోయాడు.

"లోపలి పక్కనుంచి ఇప్పి సూడు."

పోలయ్య గొణుక్కుంటూ కూర్చున్నాడు. అతని బీడీ పూర్తవకముందే ట్యూబు బయటికొచ్చింది. చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏనుగుని ఇంటికి పంపీయ్" అన్నాడు. అతని నోట అంతకంటే మంచి మాట వీరన్న ఎప్పుడూ వినలేదు.

ఒడ్డున మళ్లీ పరీక్ష జరిగింది. టైరు మీదుగా రిమ్ము దాకా సుద్దతో గీత గీసి, సగం గాలితో కుడికి పది చుట్లు, ఎడమకు పది చుట్లు. జీపు ఆగాక చూస్తే గీత ఎక్కడా విరగలేదు, టైరు కదల్లేదన్నమాట. ఇక వెళ్తానని వీరన్న బస్సు కోసం కదిలాడు.

"బస్సెందుకు? గాలి కొట్టించేక నువ్వూ ఇందులోనే ఎక్కు" అంది కాసులమ్మ. సముద్రం పక్కన, ముందరి ఎడమ చక్రానికి దగ్గరగా చోటు చూపించింది. తన ఒళ్లో ఒక గంప పెట్టించుకుని వీరన్న కూర్చున్నాడు. కొండ పక్కన పెద్ద మలుపు వచ్చేసరికి అతను తల పక్కకు వంచాడు.

"బయమేత్తందేటి?"

"లేదమ్మా. ఇంటన్నాను."

"ఏటినీ?"

"సెక్రాన్ని."

కాసులమ్మ వెనక్కి తిరిగింది. "నోర్ముయ్యండే అందరూ! ఆయన్ని ఇననియ్యండి."

ఎనమండుగురూ మాటలాపారు. కన్నబాబు మలుపు తిప్పాడు. జీపు ఎడమకు ఒరిగి, మళ్లీ నిటారుగా లేచింది. వీరన్న తల సరిగా పెట్టుకుని, గంప మీద పట్టు కొంచెం వదులు చేశాడు. వెనక మాటలు మొదలయ్యాయి.